హెడ్‌సెట్ కింద ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాలా, ఖరీదైన హెడ్‌సెట్ కొనాలా: ఏది మేలు?

సెలవులకి విశాఖ వచ్చినప్పుడల్లా, ఫ్లయింగ్ ట్రైనింగ్‌కి వెళ్లబోయే మన కుర్రాళ్లు అడిగేది ఇదే. చప్పుడుని ఎలక్ట్రానిక్స్‌తో తగ్గించే, లక్ష దాటే ఏఎన్ఆర్ హెడ్‌సెట్ కొనాలా, మామూలు హెడ్‌సెట్ కింద ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే చాలా? వెంటనే ఇంకో అనుమానం: "అన్నా, చెవులు మూసుకుంటే ఏటీసీ (రేడియోలో విమానాలకి దారి చెప్పే కంట్రోల్ వాళ్లు) ఎలా వినపడుతుంది?"

నా లెక్కలో అన్నింటికన్నా ముఖ్యం ఈ అనుమానమే. ప్లగ్ ఇంజిన్ చప్పుడునీ రేడియో మాటనీ రెండింటినీ తగ్గిస్తుంది. అయితే రేడియోకి వాల్యూమ్ నాబ్ ఉంది, ఇంజిన్‌కి లేదు. నాబ్ పెంచితే మాట పైకొస్తుంది, చప్పుడు కిందే ఉండిపోతుంది. ట్రైనింగ్ మొదట్లో నేను మాటిమాటికీ "సే అగైన్" (మళ్లీ చెప్పండి) అంటూ టెన్షన్ పడేవాణ్ణి. మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఒక జత ఫోమ్ ప్లగ్స్ చేతిలో పెట్టాక కాల్‌సైన్‌లో (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) అక్షరాలు విడివిడిగా వినపడటం మొదలైంది. ఒక్క ఇబ్బంది ఉంది. మన గొంతు మనకే గట్టిగా వినిపించి, తెలియకుండానే మెల్లగా మాట్లాడేస్తాం. మైకు పెదవులకి దగ్గరగా పెట్టుకుని మామూలు గొంతుతోనే మాట్లాడాలి. ప్లగ్స్ తీసేముందు నాబ్ తగ్గించడం మరవకండి.

ఇక ఏఎన్ఆర్. ట్రైనింగ్‌లో వాడే చిన్న విమానం సెస్నా 172లో ఇంజిన్ 2400 ఆర్‌పీఎం మీద ఉంటే రెండు రెక్కల ప్రొపెల్లర్ సెకనుకి 80 సార్లు గాలిని కొడుతుంది. ఆ బొంగురు హోరుని ఏఎన్ఆర్ భలే మింగేస్తుంది. మామూలు హెడ్‌సెట్ బలహీనంగా ఉండేదీ అక్కడే. లాంగ్ క్రాస్‌కంట్రీ (దూరపు ఊరికి ఎగిరే ఫ్లైట్) తర్వాత అలసట తగ్గేది అందుకే, దాన్ని కాదనను. కీచుమనే హై ఫ్రీక్వెన్సీ శబ్దాల్ని ఆపేది మాత్రం హెడ్‌సెట్ కుషన్లూ ప్లగ్స్ ఫోమూనే. పెద్ద చప్పుళ్లకి చెవి మొదట దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. మా నాన్న ముప్పై ఏళ్లు గ్రైండింగ్ మోతలో పనిచేశారు. ఇప్పుడు వీధిలో బస్సు వస్తే తెలుస్తుంది, మనవరాలు "తాతా, సున్నుండ" అంటే 'స' వినపడదు. బ్యాటరీ అయిపోతే ఏఎన్ఆర్ కూడా మామూలు హెడ్‌సెట్టే.

చిన్న విమానాల్లో మోత 90 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటుంది. 85 దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చని అమెరికాలోని నియోష్ సంస్థ సలహా; మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైము సగమవుతుంది. నేవీ విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్‌లో చెవులు మూసుకుంటాం కదా, అది కొన్ని క్షణాలే. సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్స్) అయితే ఆ మోతలో 200 గంటలు ఎగరాలి.

ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే డబ్బాల మీద అంకెలు కూడకండి. హెడ్‌సెట్ 23, ప్లగ్ 33 అంటే 56 రాదు. రెండింట్లో పెద్దదానికి ఇంకో ఐదు కలిస్తే గొప్ప. ప్లగ్ సగం బయటికి వేలాడుతుంటే అదీ దక్కదు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అర నిమిషం వేలితో పట్టుకోవాలి. కుండలో మాట్లాడినట్టు మన గొంతు వినిపిస్తే కుదిరినట్టు. విమానం కిందికి దిగేటప్పుడు చెవి బిగిస్తే కాస్త వదులు చేయండి. లావు కాడల చలవ కళ్లద్దాలు పెట్టుకుంటే కుషన్ పక్కన సందు పడుతుంది, సన్నకాడలవి చూసుకోండి.

చెవిలో దూర్చుకునే ఏవియేషన్ హెడ్‌సెట్లు కొందరికి బాగానే ఉంటాయి, నాకు కుదరలేదు. దూది దండగ.

కాబట్టి ట్రైనింగ్‌కి వెళ్లే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేది మామూలు హెడ్‌సెట్, ఫోమ్ ప్లగ్సే. ఏఎన్ఆర్ ఉద్యోగం వచ్చాక కొనుక్కోవచ్చు. నేనిప్పుడు ఏఎన్ఆర్ కింద కూడా ప్లగ్స్ పెట్టుకుంటున్నా. గాజువాక ఆటోనగర్‌లో సేఫ్టీ సామాన్ల కొట్టులో డబ్బాగా కొని తెచ్చుకుంటా. ఇంజిన్ ఆయిల్ చెక్ చేసిన చేత్తో ముట్టుకుంటే మాత్రం ఆ జత పారేసి కొత్తది తీస్తా.