నాలుగు నెలలు రాడ్డుతో కాపురం

నీళ్ళు కాచే రాడ్డుకి పని రాదని నేననను. బ్రహ్మాండంగా కాస్తుంది. నా గొడవల్లా ఒక్కటే, దానికి ఆగడం తెలీదు.

బెంగళూరు రామమూర్తినగర్‌లో మాది పాత ఇల్లు. రెండు బాత్రూములూ ఒకేసారి పగలగొట్టించాం. ఒకదాని తర్వాత ఒకటి చేయించుకోండని చెప్పినవాళ్ళు చెప్పారు, కూలి కలిసొస్తుందని మా ఆయన వినలేదు. నవంబరు మొదటివారంలో గీజరు దింపేశారు. మిద్దె మీద రెండొందల లీటర్ల సోలారు ఉంది గానీ, దాని పైపు కిందికి దిగేది ఆ పగిలిన గోడలోంచే. దాన్నీ కోసి పైన మూత బిగించేశారు. స్నానాలు దొడ్లో బట్టలుతికే బండ దగ్గర, టార్పాలిన్ చాటున. మిగతా అవసరాల సంగతి అడక్కండి.

కరెంటు సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుకెళ్ళి ఐఎస్ఐ గుర్తు చూసి మరీ 1500 వాట్ల రాడ్డొకటి ఏడొందలకి తెచ్చాం. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకి అది బరువే, ఎక్స్‌టెన్షన్ పెట్టె మాట చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో మిగిలిన 16 ఆంపియర్ల పాయింటు వంటింట్లోదొక్కటే. అందుకని బకెట్టు వంటింట్లో కాగేది, దొడ్డిదాకా మోసేది మా ఆయన. కూలి కలిసొచ్చింది కదా మరి.

మొదటి నెల నేను దాన్ని ఎంత పొగిడానో లెక్కలేదు. పద్దెనిమిది లీటర్లు ఇరవై, ఇరవైరెండు నిమిషాల్లో ఒంటికి పోసుకునే వేడికొచ్చేవి. అర యూనిట్టు పైచిలుకు, అంటే బకెట్టుకి మూడు రూపాయల చిల్లర. అంతకుముందు నాలుగు రోజులు గ్యాసు మీద డబరాలో రెండు విడతలుగా కాచి చూశాను. అన్నీ లెక్కేస్తే బకెట్టుకి 70 గ్రాముల గ్యాసు, నాలుగు రూపాయలు. పైగా పొద్దున్నే పప్పుకి పొయ్యి ఖాళీ ఉండదు. రాడ్డే నయమని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను కూడా.

మాది బోరు నీళ్ళు. మూడు వారాలకే రాడ్డులో నీళ్ళలో మునిగే చుట్ట మీద కోడిగుడ్డు పెంకులా తెల్లటి పొర కట్టింది. నీళ్ళు కాగే టైము పెద్దగా మారలేదు. కానీ ఆ పొర కింద వేడి బయటికి పోలేక చుట్ట లోలోపలే మాడుతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. వెనిగరు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెడితే పెచ్చులుగా రాలింది. ఇది పదిహేను రోజులకోసారి చెయ్యాలని పెట్టె మీద ఎక్కడా రాయలేదు.

ఇక జనవరిలో ఆ రోజు సంగతి.

రాడ్డు పెట్టగానే ఫోన్లో ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకోవడం అప్పటికి అలవాటైపోయింది. ఆవేళా పెట్టాను. ఇంతలో మేస్త్రీ పిలిచాడు. కోలారు మనిషి, తెలుగే మాట్లాడతాడు. "అక్కా, వాటం ఒకసారి చూసుకోండి, రేపు నీళ్ళు నిలిస్తే నన్నంటారు" అని చెంబుతో నీళ్ళు పోసి చూపిస్తున్నాడు. నీళ్ళు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వస్తున్నాయి. అక్కడ వాదనలో పడ్డాను.

టైల్సు సందుల్లో వైట్ సిమెంటు పూసే కుర్రాడికి చలికి వేళ్ళు కొంకర్లు పోయాయట. వంటింట్లో పొగలు కక్కుతున్న బకెట్టు కనిపించింది. ప్లాస్టిక్ మగ్గుతో ఆరేడు మగ్గులు తోడి తన డబ్బాలో పోసుకున్నాడు. నీళ్ళు ఇంతకి తగ్గకూడదని రాడ్డు మీద ఉండే గీత కిందికి దిగాయి. చుట్ట పై మలుపు గాల్లోకి తేలింది.

టప్పుమని చప్పుడు, వెంటనే ఇల్లంతా కరెంటు పోయింది. నేను పరిగెత్తుకొచ్చేసరికి ప్లాస్టిక్ కాలిన కంపు. బకెట్టు అంచు రాడ్డు తగిలించిన చోట నాలుకలా లోపలికి వేలాడుతోంది. చుట్ట నిలువునా చీలి, లోపల్నించి తెల్లటి పొడి నీళ్ళలోకి రాలుతోంది. అది మెగ్నీషియం ఆక్సైడట, కరెంటు పైతొడుగుకి తగలకుండా కూరేది. కుర్రాడు మగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "లైటేం వెలగలేదక్కా" అన్నాడు. రాడ్డు నెత్తిన గోరంత ఎర్రదీపం ఉంది. అది గోడ వైపు తిరిగి ఉంది.

కరెంటు పోయింది ఊరికే కాదు. పది రోజుల ముందే ఎలక్ట్రీషియన్ కొత్త బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టాడు. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పి లీకైతే చాలు, కొట్టేస్తుంది. మా పాత బోర్డులో ఉన్న ఫ్యూజులకి అంత చిన్న లీకు ఆనదు. ఆ ఆర్‌సీసీబీ ధర దగ్గర పేచీ పెట్టింది నేనే. ఆ కుర్రాడు మగ్గు బదులు చెయ్యి ముంచి ఉంటే అన్న ఆలోచనకి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే వారం కరెంటు బిల్లొచ్చింది. కర్ణాటక ప్రభుత్వం ఇళ్ళకి ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకంలో మాకు సున్నా బిల్లొచ్చేది. పాత సగటు మీద పది శాతం కలిపి ఉచితం ఇస్తారు, 200 యూనిట్లు దాటితే మాత్రం మొత్తం మనమే కట్టాలి. సోలారున్న ఇల్లు గనక మా సగటు 130. రోజుకి నాలుగు బకెట్లంటే నెలకి అరవై యూనిట్ల పైన. దానికి టైల్సు కోసే మిషను తోడై 212 అయ్యింది. పద్దెనిమిది వందల చిల్లర కట్టాం. బకెట్టుకి మూడు రూపాయలని నేను చెప్పిన చుట్టాలెవరికీ ఈ ముక్క చెప్పలేదు.

బిల్లు చూసి మా అత్త అంది, "మిద్దె మీద ఉడుకునీళ్ళు పెట్టుకోని కింద కరెంటు కాలుస్తాండారు కదమ్మా!" రెండు నెలల పైన ఇది మాకెవరికీ తట్టలేదు. ప్లంబరు పైన బిగించిన మూత తీసి కొళాయి పెట్టాడు, మూడొందలు తీసుకున్నాడు. సాయంత్రం ఐదింటికి తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడి. సగం బకెట్టు పట్టుకుని పంతొమ్మిది మెట్లు దిగి, చన్నీళ్ళు కలుపుకుంటే నిండు స్నానం. ఫిబ్రవరి దాకా స్నానాలన్నీ సాయంత్రానికి మారాయి.

అలాగని రాడ్డు మానేశామా అంటే, లేదు. మబ్బు రోజులకని రెండోది కొన్నాం. ఇప్పుడు ఎర్రదీపం మనిషి వైపు ఉంటుంది, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకందే బకెట్టు దగ్గరికెవరూ వెళ్ళరు. మా ఇంట్లో నలుగురం పెద్దవాళ్ళమే, మోసే మనిషి ఉన్నాడు, ఆర్‌సీసీబీ ఉంది. పాకే పిల్లలున్నా, పనివాళ్ళు వంటింట్లోకి తిరిగే ఇల్లయినా నేనైతే కొనమని చెప్పను. అద్దె గదిలో ఒక్కరే ఉండేవాళ్ళకి, బకెట్టు ముందు ఇరవై నిమిషాలు కూర్చునే ఓపికుంటే, సరిపోతుందేమో.

బాత్రూములు పూర్తయ్యాయి. సోలారు లైను మళ్ళీ కలపడానికొచ్చిన ప్లంబరు పైన కొళాయి తీసేయబోతే అత్త వద్దంది. ఇప్పటికీ సాయంత్రం పూట చెంబు పట్టుకుని మిద్దె ఎక్కుతుంది, కాళ్ళు కడుక్కోవడానికట.