కాల్‌బ్యాకా, ఆబ్జెక్టా?

మాదాపూర్‌లో మా టీమ్ కోడ్ రివ్యూకి కూర్చుంటే ఈ పంచాయితీ తప్పదు: ఓ ఫంక్షన్‌కి చేయాల్సిన పనిని కాల్‌బ్యాక్‌గా, అంటే అవసరమైనప్పుడు పిలవమని ఇచ్చే మరో ఫంక్షన్‌గా ఇవ్వాలా, ఆ పని చేసే మెథడ్‌లున్న ఆబ్జెక్ట్‌గా ఇవ్వాలా? లిస్టుని ధరల వారీగా సార్ట్ చేయడానికైతే కాల్‌బ్యాకే చాలు, ఒక్క లైన్ లాంబ్డాతో (పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్‌తో) పనైపోతుంది. జావాలో ఈ వెసులుబాటు 2014లో, 8వ వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ఇంత చిన్నదానికీ, పేరులేనిదైనా సరే, రెండిటిలో ఏది ముందో చెప్పే ఓ కంపారేటర్ క్లాసు రాయాల్సిందే.

పేమెంట్ దగ్గర లెక్క మారుతుంది. సక్సెస్‌కొకటి, ఫెయిల్యూర్‌కొకటి, టైమౌట్‌కొకటి, క్యాన్సిల్‌కొకటి అంటూ ఒకే ఫంక్షన్‌కి నాలుగు కాల్‌బ్యాక్‌లు పంపితే మూడోది ఏదో గుర్తుండి చావదు. పైగా రీట్రై ఎన్నిసార్లయిందో అన్నిటికీ తెలియాలి. ఆ లెక్కని బయట ఓ లోకల్ వేరియబుల్‌లో పెడదామంటే, దాన్ని లాంబ్డాలోంచి మార్చనివ్వదు జావా. అక్కడ ఇంటర్‌ఫేస్ (ఏయే మెథడ్‌లు ఉండాలో చెప్పే ఒప్పందం) పెట్టి ఆబ్జెక్ట్ ఇవ్వడమే నయం: కౌంట్ దాని ఫీల్డ్‌లోనే ఉంటుంది, టెస్టులో నకిలీది పెట్టుకోవచ్చు. అలాగని ఒకే మెథడ్ ఉన్న క్లాసుకి ఫ్యాక్టరీ (ఆబ్జెక్ట్‌లు తయారుచేసిచ్చే కోడ్) కూడా కడతానంటే మాత్రం నేనొప్పుకోను.