వెనక ఇంజిన్ మోటార్‌హోమ్ కొనేవారికి హెచ్చరిక: మంచం కింది మూత ఎత్తించి చూడనిదే సంతకం పెట్టకండి

డాలస్ పరిసరాల్లో పాత డీజిల్ మోటార్‌హోమ్ (ఇంటి వసతులుండే పెద్ద బండి) కోసం వెతుకుతూ, ఇంజిన్ ముందున్నది తీసుకోవాలా వెనకున్నది తీసుకోవాలా అని తేల్చుకోలేకపోతున్న మనవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. అదే సందేహాన్ని నేను సరిపోని పరీక్షతో తీర్చుకున్నాను. దాని ఫలితాన్ని పోయిన జూలైలో, అమ్మానాన్నలూ ఇద్దరు పిల్లలూ బండిలో ఉండగా, న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులోని రటోన్ కనుమ ఎక్కుతూ అనుభవించాను.

ఒకే డీలరు దగ్గర రెండు బండ్లు నడిపి చూశాం. మొదటిదాంట్లో ఇంజిన్ డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ మధ్యనున్న పెట్టె కింద ఉంది. హైవే ఎక్కగానే మా ఆవిడతో గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చింది, నా కుడికాలికి సెగ తగిలింది. రెండోది 2005 నాటి వెనక ఇంజిన్ బండి, 5.9 లీటర్ల డీజిల్. ఇంజిన్ ఎక్కడో వెనక పడకగది కింద ఉండటంతో ముందు కూర్చున్నవారికి టైర్ల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం చూసే కొన్నాను.

సేల్స్‌మన్ వెనక తలుపు తెరిచి, టార్చి వేసి రేడియేటరు చూపించాడు. కడిగిన కంచంలా మెరుస్తోంది. నాకు అప్పుడు తెలియనిదేమిటంటే, రేడియేటరు వెనక భాగంలో ఉన్న ఇలాంటి బండిలో ఫ్యాను గాలిని ఇంజిన్ వైపు నుంచి బయటికి తోస్తుంది గనుక మురికి పట్టేది లోపలి ముఖానికి. బయట నిలబడి చూసేవారికి కనబడేది గాలి బయటికి పోయే ముఖం మాత్రమే. ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే నూనె తుంపర రేడియేటరుకు అంటుకుంటే, చక్రాలు లేపే దుమ్ము దాని మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది.

హైవే 287 మీదుగా అమరిల్లో దాకా, అక్కడి నుంచి క్లేటన్, రటోన్ ఊళ్ల వరకు నేల మెల్లగానే ఎత్తు పెరుగుతుంది కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. ఇంటర్‌స్టేట్ 25 మీద 7,834 అడుగుల ఎత్తున్న కనుమకు ఎక్కడం మొదలుపెట్టాక, వెనక గదిలో పడుకున్న నాన్న "ఒరేయ్, మంచం కింద ఏదో మాడుతున్న వాసన వస్తోందిరా" అని అరిచే దాకా నేను ఇంజిన్ వేడి చూపే ముల్లు వైపు చూడనే లేదు. అప్పటికే అది 220 డిగ్రీల ఫారిన్‌హీట్ దాటింది. ఏ నిశ్శబ్దం కోసం ఆ బండిని ఎంచుకున్నానో, ఆ నిశ్శబ్దమే ప్రమాదాన్ని నా చెవికీ ముక్కుకూ అందకుండా చేసింది. రోడ్డు పక్కన ఆపేసరికి కింద కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ధారగా కారుతోంది. పిల్లలను బయటికి దించుతుంటే అమ్మ చేతులు వణకడం నేను మరచిపోలేను.

పెద్ద టో ట్రక్కుతో కొలరాడోలోని ట్రినిడాడ్ చేర్చాక అక్కడి మెకానిక్ పరుపు తీసి, దాని కిందనున్న చెక్క మూత ఎత్తి, స్క్రూడ్రైవరుతో రేడియేటరు లోపలి ముఖాన్ని గీకాడు. జొన్నరొట్టె మందాన జిడ్డు అట్ట ఊడి వచ్చింది. అది తీసేదాకా రేడియేటరు రేకులు కనబడనే లేదు. రేడియేటరు విప్పి, శుభ్రం చేసి, బిగించడానికి ఆరు రోజులు పట్టింది. మా బసతో కలిపి 4,300 డాలర్లు అయ్యాయి. తప్పు వెనక ఇంజిన్‌ది కాదని, ఏటా లోపలి వైపు నుంచి కడగాలని, ఎత్తు మొదలవగానే గేరు తగ్గిస్తే ఫ్యానూ నీటి పంపూ వేగంగా తిరుగుతాయని అతను ఓపికగా వివరించాడు.

డీలరుకు ఫోన్ చేస్తే, ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని నేను సంతకం పెట్టిన కాగితం గుర్తు చేశారు. లోపాలున్న బండి కొన్నవారిని కాపాడే టెక్సస్ లెమన్ చట్టం ప్రధానంగా కొత్త వాహనాల కోసం. మా పాత బండికి అది వర్తించలేదు. కొన్న మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చని చాలామంది నమ్ముతారు గానీ, అమ్మేవారి సొంత చోటుకే వెళ్లి కొన్నదానికి ఆ మూడు రోజుల ఫెడరల్ నిబంధన వర్తించదు.

కాబట్టి వెనక ఇంజిన్ బండి చూసేటప్పుడు పరుపు తీయించి, అద్దం, టార్చి పెట్టి లోపలి ముఖం చూడండి. కుదరదంటే వెనక్కి వచ్చేయండి. డాలస్ చదును రోడ్ల మీద అరగంట నడిపితే ఈ లోపం బయటపడదు. డీలరుతో సంబంధం లేని ఇన్‌స్పెక్టరును పెట్టుకుని, ఇంజిన్ ఆయిల్ నమూనాను ల్యాబుకు పంపించండి. ఆయిల్‌లో కూలెంటు కలుస్తుంటే అక్కడ తెలుస్తుంది.

ఇది చదివి ముందు ఇంజిన్ బండే క్షేమమని కూడా అనుకోకండి. దాని రేడియేటరుకు ఎదురుగాలి నేరుగా తగులుతుంది, చూడటమూ సులువే; కానీ ఇంజిన్ బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది. డ్రైవరు సీటు దగ్గరి లేబుల్ మీద ముందు ఇరుసు పరిమితి రాసి ఉంటుంది. నీళ్లు, డీజిల్ నింపి, మనుషులను ఎక్కించి, ట్రక్కులు ఆగే చోట ఉండే క్యాట్ స్కేల్ అనే పెద్ద కాటా మీద తూచండి; అది ముందు ఇరుసు బరువును విడిగా చూపిస్తుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం కొన్నాక తూచి, పరిమితి కంటే 350 పౌండ్లు ఎక్కువ ఉందని తెలుసుకుంది. టైరు మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు టైరు తయారైన వారం, సంవత్సరం. అవి రెండు రకాల్లోనూ చూడాలి. బండి మొత్తం బరువు పరిమితి 26,000 పౌండ్లు దాటితే టెక్సస్‌లో క్లాస్ బి లైసెన్సు కావాలి.

మా బండి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది. కొనబోయే ముందు ఎక్కడ చూడాలో స్వయంగా తెలుసుకోవాలనుకునేవారు ఏ శనివారమైనా రండి, పరుపు తీసి చూపిస్తాను.