లిబ్రివాక్స్: కథ కన్నా ముందు గొంతు చూసుకోండి

నాది కుట్టుపని. మెషిన్ ఆడుతున్నంతసేపూ ఏమీ వినపడదు. హెమ్మింగ్, కాజాలు, హుక్కులు లాంటి చేతిపని మొదలైతే మాత్రం చెవులు ఖాళీ. అప్పుడు నేను వినేది లిబ్రివాక్స్‌లో పాత ఇంగ్లిష్ కథలు. ఓ గౌను అంచు పూర్తయ్యేలోపు ఓ కథ అయిపోతుంది.

2005లో హ్యూ మెక్‌గ్వైర్ మొదలుపెట్టిన సైట్ ఇది. అమెరికాలో కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలను వాలంటీర్లు చదివి రికార్డు చేస్తారు. వాళ్లకు జీతం లేదు, మనకు ఫీజు లేదు. వినడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. 64 కేబీపీఎస్ అని ఉండే చిన్న సైజు ఫైలు తీసుకుంటే అరగంట కథ 15 ఎంబీ లోపే.

అసలు విషయం చదివేవాళ్ల దగ్గరుంది. చదువుతానంటూ వచ్చినవాళ్లకు ఇక్కడ గొంతు పరీక్ష పెట్టరు. రికార్డింగ్ పంపాక ఇంకో వాలంటీర్ విని, ఏదైనా మాట తప్పిపోయిందా, వెనకాల చప్పుడుందా అని చూస్తారు. యాసకూ, భావానికీ మార్కులు వెయ్యరు. కాబట్టి ఒకరి గొంతులో కథ నడుస్తుంది, ఇంకొకరు క్లాసులో హాజరు పిలిచినట్టు చదువుకుంటూ పోతారు. నాకు దీంతో పేచీ లేదు. పేరున్న కథలకు చాలాసార్లు రెండు మూడు రికార్డింగులు దొరుకుతాయి. కాసేపు విని, నచ్చకపోతే ఇంకోటి పెట్టుకోవడమే. నచ్చిందా, ఆ రీడర్ పేరు మీద నొక్కండి. ఆ మనిషి చదివినవన్నీ వరసగా వస్తాయి. నేను కథలు వెతకడం మానేసి గొంతులే వెతుక్కుంటున్నాను. ఆ దారిలో పేరు కూడా వినని రచయితలు ఎంతమందో తగిలారు.

పాత్రకో గొంతు మార్చి నటించేవాళ్ల జోలికి నేను పోను. మగాయన ఆడపాత్ర కోసం గొంతు సన్నం చేశాడంటే అక్కడితో సరి! తాపీగా, మామూలుగా చదివేవాళ్లే నాకు కావాలి. అందులోనూ 'నేను' అంటూ సాగే కథలైతే మరీ బాగుంటాయి.

నా ఇంగ్లిష్ బడిలో నేర్చుకున్నంతే. నూరేళ్ల కిందటి వాక్యం కాగితం మీద కనిపిస్తే నాలుగో కామా దగ్గరే తప్పిపోతాను. మంచి రీడర్ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటారు, దాంతో అర్థం దానంతటదే విడిపోతుంది. తెలియని మాట వచ్చినా కథ ఆగదు. మరీ అర్థం కాకపోతే, రీడర్ చూసి చదివిన పుస్తకానికి లింక్ ఆ పేజీలోనే ఉంటుంది, చాలావాటికి అది పాత పుస్తకాలను ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్‌ది.

అనువాద కథల్లో మాత్రం కొత్తవాటి మీద ఆశ పెట్టుకోకండి. రష్యన్ కథారచయిత చెహోవ్ 1904లోనే పోయినా, ఇప్పటి అనువాదకుల హక్కులు వాళ్లవి. అందుకే 1916, 1922 మధ్య వచ్చిన కాన్‌స్టన్స్ గార్నెట్ అనువాదాలే ఇక్కడ ఎక్కువ వినిపిస్తాయి. భాష కాస్త పాతబడింది కానీ చెవికి ఇబ్బంది లేదు.

నవలలైతే ముందు 'సోలో', అంటే మొత్తం ఒక్కరే చదివింది, అని ఉందో లేదో చూసుకోండి. గ్రూప్ రికార్డింగుల్లో అధ్యాయం మారితే గొంతూ మారిపోవచ్చు. అలవాటైన మనిషి మధ్యలో మాయమైతే నాకు మళ్లీ కుదురుకోడానికి టైమ్ పడుతుంది. ఫోన్‌లో దీని పేరుతో దొరికే యాప్‌లు చాలావరకు వేరేవాళ్లు చేసినవి, కొన్నిట్లో యాడ్స్ వస్తాయి. సైట్ నుంచే ఫైళ్లు దించుకోవడం మేలు.