దేగా చేతిలో రెండు ముఖాలు: ఎచింగ్, మోనోటైప్

ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ దేగా 1857లో తన ముఖాన్నే ఎచింగ్‌గా చేశాడు. టోపీ, మెడకు కట్టిన గుడ్డ, నేరుగా మనవైపు చూసే కళ్లు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌ను ఎంత శ్రద్ధగా చదువుకున్నాడో ఆ నీడల్లో తెలిసిపోతుంది. ఎచింగ్‌లో లోహపు పలక మీద పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీత పలకలోకి దిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ప్రింట్ తీయొచ్చు, నచ్చకపోతే దిద్దుకోవచ్చు.

మోనోటైప్‌లో ఆ భరోసా లేదు. నున్నటి పలక మీద సిరా రాసి, గుడ్డతోనో వేలితోనో తుడుస్తూ బొమ్మ తేవాలి. తడి ఆరేలోగా ప్రెస్‌లో పెట్టాలి. మంచి ప్రింట్ ఒక్కటే వస్తుంది. రెండోది తీస్తే వెలిసిపోయినట్టు ఉంటుంది. దేగా చాలాసార్లు దాని మీద పాస్టెల్ రంగులు వేసి వేరే బొమ్మగా మార్చేవాడు.

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆయన మోనోటైప్ ఒకటి చూడండి. అరచేతిలో ఇమిడేంత కాగితం, అందులో ఒక మగ ముఖం, ఒక ఆడ ముఖం. కళ్లూ ముక్కూ చెరిగినట్టే ఉంటాయి. ప్యారిస్ వీధిలో పక్కనుంచి ఎవరో గబుక్కున దాటిపోతే మన కంటికి మిగిలేది అంతే కదా! పోలికలు కావాలంటే ఎచింగే మేలు. నాకు మాత్రం ఆ చెరిగిన ముఖాలే ఎక్కువ ప్రాణంతో కనిపిస్తాయి. సిరా మీద ఆయన చెయ్యి ఎంత వేగంగా కదిలిందో ఇప్పటికీ తెలుస్తుంది.