పాత ల్యాప్‌టాప్‌లో వీడియో ఎడిటింగ్: మూడేళ్లు ప్రాక్సీలు వాడాక

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్. రెండే కోర్లు, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మూడేళ్లకు పైగా దీని మీదే వారానికి రెండు లెక్కల పాఠాలు ఎడిట్ చేస్తున్నాను. ఒక్కోటి ఇరవై నిమిషాలు. వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కెడెన్‌లైవ్. ఈ పాత మెషీన్ మీద అది నడిచేలా చేసింది ప్రాక్సీలు, అంటే అసలు వీడియోలకు చిన్న సైజు నకళ్లు.

మొదట్లో చాలా కష్టపడ్డాను. ఫోన్‌లో 4కె లో తీసిన క్లిప్‌ను టైమ్‌లైన్ (క్లిప్‌లను వరసగా పేర్చే పట్టీ) మీద పెట్టి ప్లే నొక్కితే మాట ముందుకు వెళ్లిపోయేది, బొమ్మ ఆగి ఆగి గెంతేది. పాఠంలో తడబడ్డ ఒక్క మాట తీసేయాలంటే, అది ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికే పది నిమిషాలు పోయేవి. చెప్పే పాఠం మీద కన్నా మెషీన్ ఎప్పుడు ఆగిపోతుందో అన్న టెన్షనే ఎక్కువగా ఉండేది.

అందరూ చెప్పేదే నేనూ చేశాను, హార్డ్‌డిస్క్ తీసేసి, దానికన్నా వేగంగా చదివే ఎస్ఎస్‌డీ వేయించాను. కంప్యూటర్ చకచకా ఆన్ అవుతోంది, ప్రాజెక్ట్ వెంటనే తెరుచుకుంటోంది. టైమ్‌లైన్ మాత్రం ఎక్కడున్నది అక్కడే. ఎందుకని కూర్చుని లెక్క వేశాను. నా ఫోన్ వీడియో నిమిషానికి సుమారు 350 ఎంబీ, అంటే సెకనుకు 6 ఎంబీ లోపే. పాత హార్డ్‌డిస్క్ కూడా దానికి ఎన్నో రెట్లు వేగంగా చదవగలదు. మరి చిక్కు ఎక్కడుంది?

ఫోన్ ఆ వీడియోను హెచ్ఈవీసీ పద్ధతిలో కుదించి దాస్తుంది. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ, మధ్యలో ఏం మారిందో ఆ తేడాలు మాత్రమే. ప్లేహెడ్‌ను, అంటే టైమ్‌లైన్ మీద ఎక్కడున్నామో చూపే గీతను, మధ్యలో ఎక్కడో వదిలితే, కంప్యూటర్ దానికి ముందున్న పూర్తి బొమ్మ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి తేడాలన్నీ కలుపుకుంటూ రావాలి. ఆ పనికి ప్రత్యేకమైన డీకోడర్ (కుదించిన వీడియోను విప్పే భాగం) ఇంటెల్ చిప్‌లలో పూర్తిస్థాయిలో వచ్చింది 2015 నాటి ఆరో తరంతో. రంగులను మరింత సూక్ష్మంగా దాచే 10 బిట్ వీడియోకైతే ఏడో తరం కావాలి. నాది అంతకన్నా పాతది కాబట్టి భారమంతా ఆ రెండు కోర్ల మీదే. పైగా 4కె అంటే 1080పీ కి నాలుగు రెట్ల పిక్సెళ్లు.

దీనికి మందు ప్రాక్సీ. అసలు క్లిప్‌కు చిన్న సైజులో ఒక నకలు తయారుచేసుకుని, దాంతో ఎడిట్ చేయడం. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే పూర్తయిన వీడియోను ఫైల్‌గా తీసేటప్పుడు, సాఫ్ట్‌వేర్ మళ్లీ అసలు ఫైల్‌నే తీసుకుంటుంది. నేను ప్రాక్సీని ఎంజెపెగ్ అనే పద్ధతిలో చేసుకుంటాను. అందులో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ, వెనక్కి వెళ్లి వెతకాల్సిన పని లేదు. మొదటిసారి ప్లేహెడ్ పట్టుకుని అటూ ఇటూ లాగితే బొమ్మ చేతితో పాటే కదిలింది. ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్రాక్సీలు తయారవడానికి టైమ్ పడుతుంది. నేను రాత్రి పడుకునే ముందు పెట్టేస్తాను. డిస్క్‌లో చోటూ తింటాయి, ప్రాజెక్ట్ పూర్తయ్యాక తీసేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫోకస్ సరిగ్గా ఉందో లేదో ప్రాక్సీలో తెలియదు. ఒక పాఠంలో బోర్డు మీది అక్షరాలు మసకగా పడ్డాయని ఎక్స్‌పోర్ట్ అయ్యాకే చూశాను. పాఠమంతా మళ్లీ తీయాల్సి వచ్చింది. ఇప్పుడు ముందుగా అసలు క్లిప్‌లను ఒకసారి పెద్దగా పెట్టి చూసుకుంటాను. రంగులు సరిచేసేటప్పుడు కూడా ఆ క్లిప్‌కు ప్రాక్సీ ఆపేస్తాను.

ఎడిట్ చేస్తూ చూసే బొమ్మ సైజును (ప్రివ్యూ రిజల్యూషన్) 540పీ కి తగ్గిస్తే ఎఫెక్ట్‌లు వేసినచోట కాస్త ఊపిరి ఆడుతుంది. ఎడిటింగ్ టైమ్‌లో బ్రౌజర్ మూసేయడం తప్పనిసరి, 8 జీబీ రెండింటికీ చాలదు.

ఎక్స్‌పోర్ట్‌కు ప్రాక్సీ ఏమీ చేయలేదు, అక్కడ అసలు ఫైలే నడుస్తుంది కదా. దానికి పనికొచ్చింది ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీద వేడిని బయటికి పంపడానికి రాసే థర్మల్ పేస్ట్ మార్పించడం. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గంటన్నర పట్టే ఎక్స్‌పోర్ట్ ఆ తర్వాత గంటా పది నిమిషాలకు వచ్చింది. ఎస్ఎస్‌డీ కన్నా ముందే ఈ పని చేయించాల్సింది.

ఏడాదిగా మరో మార్పు కూడా చేశాను. బోర్డు మీద రాసేది 1080పీ లోనే చక్కగా కనిపిస్తోంది, అందుకే మామూలు పాఠాలు 1080పీ లో, హెచ్ఈవీసీ కన్నా పాత పద్ధతి హెచ్.264 లో తీస్తున్నాను. దాని డీకోడింగ్ నా కోర్లకు పెద్ద భారం కాదు. ప్రాక్సీ లేకుండానే టైమ్‌లైన్ నడుస్తోంది. బొమ్మలో కొంత భాగాన్ని దగ్గరికి లాగి చూపించాల్సిన రోజున మాత్రం 4కె లో తీసి, రాత్రికి ప్రాక్సీలు పెట్టి పడుకుంటాను.