జర్మనీలో ఎమ్మెస్: మ్యూనిక్, ఆఖెన్, కార్ల్స్‌రూహె, స్టుట్‌గార్ట్, సార్‌బ్రుకెన్‌లలో ఏది మేలు?

జర్మనీకి వెళ్దామనుకున్న బీటెక్ విద్యార్థి ముందుగా తెరిచేది ర్యాంకుల పట్టిక. అందులో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ (టీయూఎం) పైన కనబడుతుంది, దరఖాస్తు అక్కడికే వెళ్తుంది. అమెరికాకి ఈ పద్ధతి కొంతవరకు నడుస్తుందేమో గానీ జర్మనీకి నడవదు. అక్కడ పేరున్న యూనివర్సిటీలు దాదాపు అన్నీ ప్రభుత్వానివే. ఏ ఊళ్లో ఏ విభాగం గట్టిది, పాఠం ఏ భాషలో చెబుతారు, ఆ రాష్ట్రంలో ఫీజు ఎంత అన్నవే అసలు తేడాలు. ఈ మూడూ చూశాకే ర్యాంకు చూడాలి.

మెకానికల్, ప్రొడక్షన్ వాళ్లకైతే మా ఓటు ఆఖెన్‌కే. 1870లో మొదలైన అక్కడి టెక్నికల్ యూనివర్సిటీ ఆర్‌డబ్ల్యూటీహెచ్‌లో మెషీన్ టూల్స్ పరిశోధనశాల డబ్ల్యూజెడ్ఎల్ ఉంది. ప్రొడక్షన్ టెక్నాలజీకి, లేజర్‌కి వేర్వేరు ఫ్రౌన్‌హోఫర్ సంస్థలు (పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధన చేసేవి) అదే ఊళ్లో ఉన్నాయి. థీసిస్ కోసం విద్యార్థి వెతుక్కునే అంశాలు చాలావరకు ఇలాంటి చోట్ల నుంచే, కంపెనీల నిజమైన సమస్యల నుంచే వస్తాయి. ఆఖెన్ ఉన్న రాష్ట్రంలో విదేశీయులకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొన్ని వందల యూరోల చందా మాత్రం కడితే చాలు.

అయితే చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఆఖెన్‌లో మెకానికల్ వైపు ఉచితంగా దొరికే మాస్టర్స్‌లో ఎక్కువ భాగం జర్మన్‌లో ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఉన్న ప్రొడక్షన్, రోబోటిక్స్ లాంటి కోర్సులు కొన్నింటిని అదే యూనివర్సిటీకి చెందిన ఇంటర్నేషనల్ అకాడమీ నడుపుతుంది, వాటికి సెమిస్టర్‌కి వేల యూరోలు కట్టాలి. పేరు అదే, ఊరు అదే కాబట్టి ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఈ తేడా గమనించనివాళ్లు ఉంటారు. డేటా సైన్స్, సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ మాత్రం ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి, ట్యూషన్ ఫీజూ లేదు. కోర్సు పేజీలో ఫీజు గురించి రాసిన గడిని వదలకుండా చదవండి.

మ్యూనిక్ బలం గురించి సందేహం అక్కర్లేదు. ఊరి ఉత్తరాన గార్కింగ్ క్యాంపస్‌లో ఇన్ఫర్మాటిక్స్, మెకానికల్, ఫిజిక్స్ పక్కపక్కనే ఉంటాయి. పరిశోధన రియాక్టర్, సూపర్‌కంప్యూటర్ కేంద్రం, మౌలిక పరిశోధన చేసే మాక్స్ ప్లాంక్ సంస్థలు కూడా ఆ చుట్టుపక్కలే. ఇంగ్లిష్ కోర్సులూ ఎక్కువే. కానీ ఉచిత చదువు అన్న మాట ఇక్కడ పాతబడిపోయింది. 2024 శీతాకాల సెమిస్టర్ నుంచి యూరప్ బయట నుంచి కొత్తగా చేరేవాళ్లకు మాస్టర్స్‌లో కోర్సుని బట్టి సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు. నాలుగు సెమిస్టర్లకు 16,000 నుంచి 24,000 అవుతుంది. కొందరికి మినహాయింపులు, స్కాలర్‌షిప్‌లు ఉన్నా వాటిని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. దీనిమీద అద్దె ఒకటి. మ్యూనిక్‌లో ఒక గదికి 700 యూరోల పైమాటే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ఏడాది ఖర్చు ముందే వేసి, నెలనెలా కొంతే తీసుకోగల ఖాతా) వేసే 11,904 యూరోల్లో నెలకు చేతికొచ్చేది 992. ఆ 992లో 700 అద్దెకి పోతే మిగిలిన 292లోనే హెల్త్ ఇన్సూరెన్స్, తిండి, ఫోను అన్నీ సర్దుకోవాలి. ఇన్సూరెన్స్‌కే వంద దాటుతుంది. స్టూడెంట్ హాస్టల్ చవకే గానీ వెయిటింగ్ లిస్టు సెమిస్టర్లకు సెమిస్టర్లు సాగుతుంది.

కార్ల్స్‌రూహె, స్టుట్‌గార్ట్ రెండూ బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలోవి. అక్కడ 2017 నుంచి యూరప్ బయటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మొత్తం 6,000. కార్ల్స్‌రూహెలో హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను నిరూపించాడు. జర్మనీలో మొదటి కంప్యూటర్ సైన్స్ ఫ్యాకల్టీ 1972లో అక్కడే మొదలైంది. 2009లో పాత యూనివర్సిటీని, ఊరి బయట ఉన్న పరిశోధన కేంద్రాన్ని కలిపి కేఐటీ (కార్ల్స్‌రూహె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) చేశారు. బ్యాటరీలు, మెటీరియల్స్, ఎనర్జీ వైపు వెళ్లేవాళ్లు దీన్ని ముందు వరసలో పెట్టుకోవచ్చు. కాకపోతే ఎక్కువ మాస్టర్స్ జర్మన్‌లోనే ఉంటాయి, వాటిలో చేరాలంటే జర్మన్ పక్కాగా రావాలి. స్టుట్‌గార్ట్ అంటే కార్లు, విమానాలు. బోష్, మెర్సిడెస్, పోర్షె ఆ చుట్టుపక్కలవే. ఈసీఈ, ఈఈఈ వాళ్లకు ఇంగ్లిష్‌లో ఇన్ఫోటెక్ కోర్సు ఉంది.

కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధనే లక్ష్యమైతే మనవాళ్లకు అంతగా గుర్తురాని ఊరు సార్‌బ్రుకెన్, అక్కడిది సార్లాండ్ యూనివర్సిటీ. ఇన్ఫర్మాటిక్స్‌కి, సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్‌కి ఒక్కో మాక్స్ ప్లాంక్ సంస్థ, ఏఐకి డీఎఫ్‌కేఐ, సైబర్ సెక్యూరిటీకి సిస్పా కేంద్రం ఉన్నాయి. ట్యూషన్ ఫీజు లేదు, అద్దె మ్యూనిక్‌తో పోలిస్తే చాలా తక్కువ. చుట్టుపక్కల పెద్ద కంపెనీలు లేకపోవడమే లోటు. చదువు కాగానే ఉద్యోగమే ముఖ్యమనుకునేవాళ్లకు మ్యూనిక్, స్టుట్‌గార్ట్ మేలు. పీహెచ్‌డీ మనసులో ఉంటే సార్‌బ్రుకెనే మేలు.

ఒక మాట పక్కగా: బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చర్ చదివినవాళ్లు ఈ పెద్ద పేర్ల మధ్య దారి తప్పకుండా టీయూఎంకే చెందిన వైహెన్‌స్టెఫాన్ క్యాంపస్‌నీ, స్టుట్‌గార్ట్‌లోనే ఉన్న హోహెన్‌హైమ్ యూనివర్సిటీనీ చూడాలి.

ఇక సీటు వస్తుందా రాదా తేల్చే లెక్క. మన సీజీపీఏని జర్మన్ మార్కులోకి మార్చడానికి ఎక్కువగా వాడే సూత్రం ఇది: గరిష్ఠం నుంచి మీ మార్కు తీసేసి, 3తో గుణించి, గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, 1 కలపాలి. సీజీపీఏ 8.2, పాస్ 5 అయితే: 10లోంచి 8.2 పోతే 1.8, మూడు రెట్లు 5.4, దాన్ని 5తో భాగిస్తే 1.08, ఒకటి కలిపితే 2.08. జర్మనీలో 1 ఉత్తమం, 4 పాస్. అదే సీజీపీఏకి పాస్ 4 అనుకుంటే 1.9 వస్తుంది. అందుకే ట్రాన్‌స్క్రిప్ట్ మీద గ్రేడింగ్ స్కేలు, కనీస పాస్ గ్రేడు స్పష్టంగా అచ్చయి ఉండాలి. లేకపోతే కాలేజీ నుంచి లెటర్ తెచ్చుకోవాలి.

మార్కు బాగున్నా తిరస్కరించడానికి ఇంకో కారణం సిలబస్. గణితం, మెకానిక్స్, ప్రోగ్రామింగ్ లాంటి వాటిలో ఇన్ని ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్ యూనివర్సిటీల క్రెడిట్ లెక్క) చదివి ఉండాలని కోర్సులు అడుగుతాయి. మన నాలుగేళ్ల 160 క్రెడిట్లను అక్కడి 240తో పోల్చి, మన 4 క్రెడిట్ల సబ్జెక్టుని సుమారు 6గా ముందే లెక్కేసి చూసుకోవచ్చు. సబ్జెక్టు పేరు ఒక్కటీ పంపితే చాలదు, యూనిట్ల వారీ సిలబస్ ఇంగ్లిష్‌లో జతచేయాలి.

2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మార్కుల పత్రాలు అసలైనవేనని తేల్చే ధ్రువపత్రం) లేనిదే స్టూడెంట్ వీసా లేదు. దాని ఫీజు 18,000 రూపాయలు, చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఆఖెన్‌లో యూరప్ బయటివాళ్లకు మాస్టర్స్ గడువు సాధారణంగా మార్చి 1. కాబట్టి ఏడో సెమిస్టర్ మధ్యలోనే ఏపీఎస్ పని మొదలుపెట్టాలి.

చేరాక ఒక జాగ్రత్త. మన దగ్గర బ్యాక్‌లాగ్ ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. ఆఖెన్‌తో సహా చాలాచోట్ల ఒక పరీక్షకి మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు, ఇంకో జర్మన్ యూనివర్సిటీలో అదే కోర్సులో చేరడానికీ వీలుండదు. టీయూఎంలో మాత్రం ఫలానా సెమిస్టర్ ముగిసేలోగా ఇన్ని క్రెడిట్లు వచ్చి ఉండాలన్న లెక్క నడుస్తుంది. మొదటి సెమిస్టర్‌లోనే ఆరు సబ్జెక్టులు నెత్తికెత్తుకోకుండా నాలుగింటితో మొదలుపెట్టడం క్షేమం.